గీజర్ వేయగానే ఆర్‌సీసీబీ ట్రిప్: న్యూట్రల్ ఎక్కడ ఎర్త్‌కు తగులుతోంది?

మా ఇంట్లో సింగిల్ ఫేజ్, 40 ఆంప్స్, 30 మిల్లీఆంప్స్ ఆర్‌సీసీబీ (ఫేజ్‌లో వెళ్లే కరెంటుకీ న్యూట్రల్‌లో తిరిగొచ్చే కరెంటుకీ తేడా వస్తే సప్లై కట్ చేసే స్విచ్) ఉంది. లైట్లు, ఫ్యాన్లు నడిచినంతసేపు నిలబడుతుంది. గీజర్ వేస్తే రెండు మూడు సెకన్లలో పడిపోతుంది. గీజర్ తీసేసి ఇస్త్రీపెట్టె పెట్టినా అంతే, ఏ గదిలోనైనా. ఇన్వర్టర్ వైరింగ్ చేయించాకే ఇది మొదలైంది.

కొత్త ఆర్‌సీసీబీ వేశాం, మార్పు లేదు. ఇన్వర్టర్ ఆపి, ఆర్‌సీసీబీ దించి, దాని కింది న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య మల్టీమీటర్‌తో కొలిస్తే 4 ఓమ్‌లు చూపించింది. అంటే లోపలెక్కడో న్యూట్రల్ ఎర్త్‌కు తగులుతోందన్నమాట. మా ఎంసీబీలు (ఒక్కో సర్క్యూట్‌కుండే బ్రేకర్లు) సింగిల్ పోల్‌వి, ఫేజ్‌నే కట్ చేస్తాయి కాబట్టి వాటిని ఒక్కొక్కటిగా దించి చూసినా ఇది దొరకదు. న్యూట్రల్ లింక్ (న్యూట్రల్ తీగలన్నీ కలిసే పట్టీ) నుంచి తీగలు విడివిడిగా ఊడదీసి చూశాం. హాలుది, బెడ్‌రూమ్‌ది రెండూ ఎర్త్‌తో పెట్టి చూస్తే బీప్ ఇస్తున్నాయి. గోడలో ఏదో జంక్షన్ బాక్సులో ఆ రెండూ కలిసినట్టున్నాయి.

ఆర్‌సీసీబీ తీసేసి డైరెక్ట్ ఇచ్చేద్దామంటున్నాడు ఎలక్ట్రీషియన్. ఇంట్లో చిన్నపిల్లలున్నారు, అందుకు నేను ఒప్పుకోను.

రెండు సర్క్యూట్ల న్యూట్రల్ ఇలా కలిసిపోయినప్పుడు, గోడ పగలగొట్టకుండా ఎర్త్‌కు తగులుతున్న చోటును పట్టుకోవడం ఎలా?