ఆటకూ పాటకూ కలిపి 3,000 రూపాయల లోపు హెడ్‌ఫోన్: ఏది తీసుకోవాలి?

ప్రశ్న: అనంతపురం విద్యార్థి

సభ్యులందరికీ నమస్కారం. నేను అనంతపురంలో ఇంజనీరింగ్ మూడో సంవత్సరం చదువుతూ, ఇద్దరు మిత్రులతో కలిసి అద్దె గదిలో ఉంటున్నాను. రాత్రి భోజనం అయ్యాక గంటో గంటన్నరో జట్టుగా ఆడే తుపాకుల ఆటలు ఆడతాను, కొన్నాళ్లు ఫోనులో, కొన్నాళ్లు మిత్రుని డెస్క్‌టాప్ కంప్యూటరులో. మిగిలిన వేళల్లో, ముఖ్యంగా రికార్డులు రాసుకునేటప్పుడు, కర్ణాటక సంగీత కచేరీలు, పాత సినిమా పాటలు వింటాను. రెండింటికీ ఒకటే హెడ్‌ఫోన్ కొనగలను. ట్యూషన్లు చెప్పి దాచుకున్న 3,000 రూపాయలే నా పరిమితి.

నిరుడు ఒకసారి తొందరపడ్డాను. పెట్టె మీద ‘గేమింగ్ మోడ్’ అని పెద్ద అక్షరాలతో రాసి ఉన్న ఒక బ్లూటూత్ హెడ్‌ఫోన్ తీసుకున్నాను. పాటలకు బాగానే ఉండేది. ఆటలో మాత్రం తుపాకీ పేలడం తెర మీద కనబడిన తరువాత గానీ చప్పుడు చెవికి చేరేది కాదు. అంతకన్నా బాధించినదేమంటే, జట్టువారితో మాట్లాడటానికి మైకు తెరవగానే ఆట శబ్దమంతా పాతకాలపు టెలిఫోనులోంచి వస్తున్నట్టు సన్నగిల్లి, అడుగుల చప్పుడు ఎడమ నుంచో కుడి నుంచో తెలియకుండా పోయేది. ఏప్రిల్, మే నెలల చెమటకు చెవుల మీది మెత్తలు పొలుసులుగా రాలిపోయాయి. కొన్న దుకాణంలో అడిగితే, అది లోపం కాదు, అన్నీ అంతే అన్నారు.

అన్నీ నిజంగా అంతేనా? వైరు ఉన్నది తీసుకుంటే ఈ ఇబ్బందులు పోతాయా? చుట్టూ ఎనిమిది స్పీకర్లు ఉన్నట్టు వినిపిస్తుందనే ‘7.1 సరౌండ్’ అని రాసినవాటికి ఎక్కువ డబ్బు పెట్టడం సబబేనా? మా గదిలో ఫ్యాను ఎప్పుడూ పూర్తి వేగంతో తిరుగుతూనే ఉంటుందని కూడా దృష్టిలో పెట్టుకుని సలహా ఇవ్వగలరు.

జవాబు: కడప సౌండ్ ఆపరేటర్

తమ్ముడూ, దుకాణంవారు చెప్పినదానిలో సగం నిజం ఉంది. మీరు చూసిన రెండు ఇబ్బందులూ ఆ ఒక్క కంపెనీవి కావు, బ్లూటూత్ పని చేసే తీరు నుంచి వచ్చినవి. శబ్దాన్ని కుదించి, గాలిలో పంపి, అవతల మళ్లీ విప్పి, తెగిపోకుండా కొంత నిల్వ ఉంచుకుని వినిపించాలి కనుక మామూలు పద్ధతిలో 150 నుంచి 250 మిల్లీసెకన్ల ఆలస్యం అవుతుంది. సినిమా చూసేటప్పుడు మనకు ఇది తెలియదు, ఎందుకంటే వీడియో నడిపే యాప్ బొమ్మను కూడా అంతే ఆలస్యంగా చూపిస్తుంది. ఆటలో బొమ్మను ఆపడం కుదరదు. మీరు మీట నొక్కిన క్షణానే అది కదలాలి. గేమింగ్ మోడ్ ఆ నిల్వను తగ్గిస్తుంది గానీ పూర్తిగా తీసివేయలేదు.

రెండోది మైకు సంగతి. పాట వినిపించే దారి, ఫోను మాటల దారి బ్లూటూత్‌లో వేరువేరు. హెడ్‌ఫోన్ మైకు తెరవగానే మొత్తం మాటల దారిలోకి మారిపోతుంది. ఆ దారిలో రెండు చెవులకూ ఒకే శబ్దం వెళ్తుంది. పాత పద్ధతిలో అయితే 4,000 హెర్ట్జ్‌కు పైనున్న ధ్వని అసలు రాదు. మనిషి చెవి 20,000 హెర్ట్జ్ దాకా వినగలదు కనుక ఎంత పోతోందో మీరే ఊహించవచ్చు. 2020లో ప్రకటించిన ఎల్‌ఈ ఆడియో అనే కొత్త బ్లూటూత్ పద్ధతి ఈ లోపాన్ని సరిచేయడానికి వచ్చినదే, కానీ ఫోనూ హెడ్‌ఫోనూ రెండూ దానికి అనుకూలంగా ఉండాలి. మీ పాత హెడ్‌ఫోన్ ఇంకా పనిచేస్తూ ఉంటే, కంప్యూటరు సెట్టింగులలో మైకుగా వేరే పరికరాన్ని ఎంచుకోండి; శబ్దం మళ్లీ రెండు చెవులకూ విడివిడిగా వస్తుంది.

7.1 గురించి నా అభిప్రాయం గట్టిది: ఈ ధరలో దాని కోసం ఒక్క రూపాయి కూడా ఎక్కువ పెట్టవద్దు. సాధారణంగా వాటి లోపల ఉన్నవీ రెండు స్పీకర్లే, మిగిలినది సాఫ్ట్‌వేర్ చేసే పని. అటువంటి సాఫ్ట్‌వేర్ విండోస్ 10లో ‘విండోస్ సోనిక్’ పేరుతో ఉచితంగానే ఉంది. అసలు మనకు దేవుడిచ్చినవీ రెండు చెవులే కదా. ఒక చప్పుడు దగ్గరి చెవికీ దూరపు చెవికీ చేరడంలో ఉండే తేడా ఎంత ఎక్కువైనా మిల్లీసెకనులో మూడింట రెండు వంతులకు మించదు. ఆ చిన్న తేడాను బట్టి, రెండు చెవుల్లో వినబడే గట్టిదనాన్ని బట్టి మెదడు దిక్కును పసిగడుతుంది. ఆటను రూపొందించినవారు ఆ తేడాలను శబ్దంలోనే కలిపి ఉంచుతారు. వాటిని చెడగొట్టకుండా చెవికి చేర్చడమే మంచి హెడ్‌ఫోన్ పని.

చెడగొట్టేది ఎక్కువగా బాస్, అంటే గుమ్మనే లోతైన శబ్దం. నేను మా జిల్లాలో చెక్కభజన బృందాలకు మైకు సెట్టు పెడుతుంటాను. రికార్డు చేసినదాన్ని బాస్ మితిమీరిన హెడ్‌ఫోన్‌లో వింటే చెక్కల టకటక, కాలి గజ్జెల సవ్వడి డోలు మోత కింద మునిగిపోతాయి. ఆటలోనూ జరిగేది ఇదే. బాంబు మోతకు అడుగుల చప్పుడు కప్పబడిపోతుంది. కచేరీలో మృదంగం ఎడమ చేతి దెబ్బ గుమ్మని ఉబ్బి గాత్రం మీద పడితే, ఆ హెడ్‌ఫోన్ మీ ఆటకు కూడా పనికిరాదని తెలుసుకోండి.

ఇక ఏది కొనాలి? చెవి రంధ్రంలో పెట్టుకునే వైరు ఇయర్‌ఫోన్లు, అంటే ఐఈఎమ్‌లు, ఇవాళ ఈ ధరలో అన్నిటికన్నా మేలు. మూన్‌డ్రాప్ చూ 2, సెవెన్ హెర్ట్జ్ జీరో 2 మీ పరిమితిలోనే వస్తాయి. రెండింటికీ వైరును విప్పి మార్చుకోవచ్చు. ఫ్యాను హోరును రబ్బరు మొనలే చాలావరకు ఆపుతాయి, చెవి చుట్టూ చెమట పట్టదు. ఆర్డరు పెట్టేటప్పుడు మైకు ఉన్న రకాన్నే ఎంచుకోండి; మైకు లేనిది కూడా అదే పేరుతో అమ్ముతారు.

జవాబు: కర్నూలు రిపేరు షాపు

పై అన్నగారు శబ్దం గురించి చెప్పినదంతా ఒప్పుకుంటాను. ఐఈఎమ్‌లే మేలన్న మాటతో మాత్రం పూర్తిగా ఏకీభవించలేను. మా షాపుకు వచ్చే ఇయర్‌ఫోన్లలో ఎక్కువ భాగం స్పీకరు పోయి రావు. పిన్ను మెడ దగ్గరో మైకు దగ్గరో వైరు తెగి వస్తాయి. లోపలి తీగలు వెంట్రుకల్లా ఉండి వాటిపై లక్క పూత ఉంటుంది కనుక సోల్డరింగ్ చేయడం తేలిక కాదు. గులిమి ఎక్కువగా పట్టేవారికి జాలీ మూసుకుపోయి ఒక చెవిలో శబ్దం తగ్గుతుంది, వారు స్పీకరు పోయిందనుకుంటారు. పెట్టుకోగానే చెవి నొప్పి పుట్టేవారు తలమీదుగా పెట్టుకునే వైరు హెడ్‌ఫోనే తీసుకోవాలి. అలా తీసుకుంటే మెత్తలు విడిగా దొరికే మోడలా, తోలు బదులు గుడ్డ మెత్త వేయవచ్చా అన్నది ముందే చూసుకోండి. మన ఎండలకు కృత్రిమ తోలు నిలవదు. వెనుక జాలీ తెరిచి ఉండే రకం చల్లగా, విశాలంగా వినిపిస్తుంది గానీ, మీ ఫ్యాను హోరు లోపలికి వస్తుంది, మీ ఆట చప్పుడు నిద్రపోతున్న మిత్రులకు వినబడుతుంది.

ఎవరూ ముందుగా చెప్పని సంగతి ఒకటి ఉంది. మైకు ఉన్న ఇయర్‌ఫోన్ పిన్ను మీద నల్లని గీతలు మూడు ఉంటాయి, అంటే నాలుగు భాగాలు: ఎడమ, కుడి, ఎర్త్, మైకు. మీ మిత్రుని డెస్క్‌టాప్‌కు హెడ్‌ఫోన్ రంధ్రం, మైకు రంధ్రం విడివిడిగా ఉంటే ఆ పిన్నుతో శబ్దం వస్తుంది గానీ మైకు పనిచేయదు. అందుకు ఆ పిన్నును రెండు పిన్నులుగా విడదీసే వై ఆకారపు స్ప్లిటర్ కావాలి, ఖర్చు స్వల్పమే. అలాగే మీ ఫోనుకు టైప్-సి రంధ్రం మాత్రమే ఉంటే, లోపల డాక్ చిప్ (ఫోను పంపే అంకెల సంకేతాన్ని శబ్ద సంకేతంగా మార్చేది) ఉన్న కన్వర్టరునే అడిగి తీసుకోండి. చిప్ లేనివి చాలా ఫోన్లలో అసలు పలకవు, చూపుకు రెండూ ఒకేలా ఉంటాయి.

జవాబు: కడప సైన్స్ ఉపాధ్యాయిని

నాయనా, ఫ్యాను హోరు గురించి మీరు రాసింది చదివి ఇది చెప్పాలనిపించింది. బయటి హోరును హెడ్‌ఫోన్ ఆపకపోతే, తెలియకుండానే మనం శబ్దం పెంచుకుంటూ పోతాము. పెద్దలకు వారానికి 40 గంటలు వినదగిన శబ్ద తీవ్రత హద్దు 80 డెసిబెల్స్ అని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అక్కడి నుంచి పెరిగే ప్రతి 3 డెసిబెల్స్‌కూ వినగలిగే కాలం సగానికి పడిపోతుంది. 90కి చేరితే అది వారానికి నాలుగు గంటలే. మీరు రోజూ ఆటకు గంటన్నర, పాటలకు ఇంకొన్ని గంటలు అంటున్నారు, లెక్క వేసుకోండి. లోపలి చెవిలో శబ్దాన్ని గ్రహించే కేశకణాలు దెబ్బతింటే మళ్లీ పుట్టవు. మా తరగతిలో వెనుక బెంచీ పిల్లలు పిలిస్తే పలకకపోవడానికి అల్లరి ఒక్కటే కారణం కాదేమోనని ఈ మధ్య నాకు అనిపిస్తోంది. కాబట్టి బయటి హోరును ఆపేదే కొనండి, తక్కువ శబ్దంతో వినండి.

అనంతపురం విద్యార్థి

మీ ముగ్గురికీ కృతజ్ఞతలు. సీనియర్ ఒకరి దగ్గర ఐఈఎమ్ ఉంటే రెండు రాత్రులు అడిగి తెచ్చుకుని, నా చెవికి నొప్పి పుట్టదని నిర్ధారించుకున్న తరువాతే మైకు ఉన్న చూ 2 తెప్పించాను. స్ప్లిటర్, డాక్ చిప్ ఉన్న కన్వర్టరు కూడా కలుపుకున్నా 3,000 దాటలేదు. మొదట శబ్దం పలుచగా ఉందనిపించి నిరాశపడ్డాను. పెట్టెలో వచ్చిన రబ్బరు మొనలలో పెద్దవి వేసుకుంటే గాలి సందు మూసుకుని మృదంగం నిండుగా వినబడింది, ఫోను శబ్దం మునుపటి కంటే బాగా తగ్గించి వింటున్నాను. నిన్న ఆటలో మెట్ల మీద అడుగులు వెనుక కుడివైపు నుంచి వస్తున్నాయని, మైకు తెరిచి ఉండగానే, మా జట్టుకు చెప్పగలిగాను. వైరు చొక్కాకు రాసుకున్నప్పుడు మాత్రం చెవిలో గరగర వినిపిస్తోంది. దీనికి ఏమైనా ఉపాయం ఉందా?

కడప సౌండ్ ఆపరేటర్

వైరును చెవి మీదుగా వెనుకకు తిప్పి, గడ్డం కింది పూసను పైకి జరిపి బిగించండి తమ్ముడూ. ఆ గరగర చాలావరకు పోతుంది.