తాగుడు మానాలంటే మాల చాలదా?

గుత్తి కుర్రోడు: మా బావ పదేళ్లుగా రోజూ తాగుతాడు. వచ్చే ఏకాదశికి బొమ్మనహాళ్ మండలం ఉంతకల్లు పాండురంగస్వామి గుడికి తీసుకెళ్లి, ఇక తాగనని మొక్కుకుని వేసుకునే మాల వేయిద్దామని అత్త అంటోంది. అక్కేమో డాక్టరుకు చూపిద్దామంటుంది. ఏం చేయాలి?

సీమ రైతు: మాలే. మా తమ్ముడు వేసుకుని ఆరేళ్లయింది, చుక్క ముట్టలేదు. డాక్టర్లు మాత్రలిచ్చి నిద్రపుచ్చుతారు, అంతే.

వార్డు అక్క: మాల వద్దనను. కానీ పదేళ్లు రోజూ తాగినవాళ్లు ఒక్కసారిగా ఆపితే మొదట చేతులు వణుకుతాయి, ఒకటి రెండు రోజుల్లో ఫిట్స్ రావొచ్చు. తర్వాత లేనివి కనబడతాయి. కడపలో ఆసుపత్రి వార్డులో నేను చూసిన ఒకాయన రాత్రంతా దుప్పటి మీద చీమలు ఏరుతూనే ఉన్నాడు. అక్కడ ఒక్క చీమా లేదు. ప్రాణం కూడా పోవచ్చు తమ్ముడూ.

సీమ రైతు: మా తమ్ముడికి ఫిట్స్ రాలేదే?

ఆదోని: అందరికీ రావు. ఎవరికొస్తాయో ముందే చూపించుకోమంటోంది ఆమె.

సీమ రైతు: రాలేదంటున్నాను కదా!

పాత ఉద్యమం: అసలు షాపులు మూసేయాలి. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా మీద తిరగబడలేదా?

ఆదోని: 1995లో మొత్తం నిషేధించారు, 1997లో ఎత్తేశారు. ఇప్పుడడుగుతున్నది వాళ్ల బావ గురించి.

వార్డు అక్క: 2015-16లో జాతీయ మానసిక ఆరోగ్య సర్వే చేశారు. మద్యం సమస్య ఉన్నవాళ్లలో నూటికి 86 మందికి వైద్యమే అందడం లేదని తేలింది. నా బాధ అదే.

సీమ రైతు: ఎందుకందుతుంది? మేమూ ముందు ఆసుపత్రికే పోయాం. వరండాలో అందరి ముందూ 'మళ్లీ ఒక తాగుబోతు వచ్చాడు' అన్నారు. తమ్ముడు తల వంచుకుని బయటికి నడిచాడు. ఇంట్లో పెళ్లీడు పిల్ల ఉంది, పిచ్చి డాక్టరు చీటీ ఎవరి కంటైనా పడితే? గుడి దగ్గర మాత్రం పక్కాయన 'నాదీ ఇదే కథ' అని అన్నం వడ్డించాడు. మీకు లెక్కలు కావాలి, మాకు మర్యాద కావాలి.

వార్డు అక్క: ఆ మాట అనడం తప్పే అన్నా. మా వార్డులో అన్నా తప్పే. ఒకటి అడుగుతా. తాగుడుకు ముందు తమ్ముడు ఎలా ఉండేవాడు?

సీమ రైతు: శెనక్కాయ పంట పోయిన ఏడు నుంచి రాత్రిళ్లు నిద్రలేదు. నిద్ర కోసమే మొదలుపెట్టాడు.

వార్డు అక్క: ఇప్పుడు నిద్రపోతున్నాడా?

సీమ రైతు: లేదు. మిద్దె మీద మంచంలో కూర్చునే ఉంటాడు. తాగడు. మాట్లాడడు కూడా. ఇంట్లో ఎవరమూ కదిలించం.

వార్డు అక్క: తాగుడు పోయినా, దాని కింద ఉన్న జబ్బు పోలేదన్నా. దిగులు జబ్బు కావొచ్చు. దానికి మందులున్నాయి. ముందు 14416కు ఫోన్ చేయండి, టెలిమానస్ అంటారు, మనసు బాధలకు ప్రభుత్వం పెట్టిన ఫోన్ సాయం. డబ్బు కట్టక్కర్లేదు, వరండాలో నిలబడక్కర్లేదు.

గుత్తి కుర్రోడు: అక్కా, బావను రేపే తీసుకొస్తాం. డాక్టరు సరే అన్నాకే మాల. అత్త ఒప్పుకుంది.

సీమ రైతు: ఆ నంబరులో తెలుగులో మాట్లాడతారా?

వార్డు అక్క: మాట్లాడతారు. రాత్రి పూట కూడా.