సమస్య: "పండు పాడంగ నిల్లెల్ల పరవశించె"

పూదోట (మోడరేటర్):
నిన్న రాత్రి అట్టపెట్టెలోంచి చిన్న కంప్యూటర్ పలక తీసి స్పీకర్లకు తగిలిస్తుంటే ఈ పాదం తోచింది. రాత్రంతా నిద్ర పట్టనివ్వలేదు. ఒక్కటే షరతు. పద్యంలో ఇంట్లో మనమే పెట్టుకునే పాటల పెట్టె కనిపించాలి.

ఏటిగట్టు:
అమ్మ యూయల నూపుచు ననగ జోల
తోడు గొంతును కలిపెను దొడ్డ కొడుకు
ముద్దుపేరున బిలువంగ మురియువాడు
పండు పాడంగ నిల్లెల్ల పరవశించె

నల్లరేగడి:
మూడో పాదం నుంచి నాలుగో పాదంలోకి జారిన తీరు చాలా బాగుంది. పేరు చెప్పకుండా "ముద్దుపేరున" అని ఊరించి, సమస్య పాదం మొదటి మాటతోనే పేరు తెలిపారు. కానీ ఏటిగట్టు గారూ, పాటల పెట్టె ఏది? పండు అనే పిల్లాడు ఊళ్ళో ప్రతి ఇంట్లోనూ ఉంటాడు. షరతును పక్కన పెడితే పూరణ ఎంత తీయగా ఉన్నా సగమే. నా ప్రయత్నం ఇది (డ్యాక్ అంటే డిజిటల్ పాటను స్పీకర్లకు అందే ధ్వనిగా మార్చే పలక, ఎంపీడీ అంటే పాటలు నడిపే ప్రోగ్రాం):

చిట్టి పలకపై డ్యాకును జేర్చినాను
కార్డులో నెంపిడీ నుంచి కాపు పెట్టి
నాన్న దాచిన టేపుల నాదమెల్ల
పండు పాడంగ నిల్లెల్ల పరవశించె

పూదోట:
నేను అనుకున్న చమత్కారం ఇదే. ఆ చిన్న కంప్యూటర్ పలక పేరు రాస్ప్‌బెర్రీ పై. రాస్ప్‌బెర్రీ అనే మాట ఎక్కడా రాకుండానే పండు పాడేసింది. ఆ పలకకు పండు పేరు ఊరికే రాలేదు. యాపిల్, యాప్రికాట్, టాంజరిన్ అంటూ పాత కంప్యూటర్ కంపెనీలు పండ్ల పేర్లు పెట్టుకున్న వరుసలోనే దీనికీ పెట్టారు. 'పై' మాత్రం తినే పై కాదు, పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష పేరు నుంచి వచ్చింది.

మామిడితోపు:
చమత్కారం ఒప్పుకుంటాను. "ఎంపిడీ" మాత్రం ఒప్పుకోను. నోటితో అనేది ఎంపీడీ. గణం కోసం పీని పిగా కుదించారు. పోయిన దసరా సమస్యలో నేను 'వైఫై'ని సూర్యగణంగా వేశానని మూడు రోజులు నన్ను వదలలేదు మీరు. రెండూ గురువులే, నాదే తప్పు, దిద్దుకున్నాను. ఇప్పుడు మీరూ దిద్దుకోండి.
నా పూరణ:

వంటగదిలోన పడకింట వసారాలోన
ఒక్క తాళాన మూడింట నొక్క పాట
ఆలసింపక వినిపించె నద్భుతముగ
పండు పాడంగ నిల్లెల్ల పరవశించె

ఏటిగట్టు:
వసారా!

నల్లరేగడి:
అవును, వసారా. నాలుగో గణం అక్కడే కూలింది. "వాకిలందు" అనండి, యతి కూడా నిలుస్తుంది. కుదించానని నన్ను తప్పుపట్టినవారు మొదటి పాదంలోనే ఇలా జారితే ఎలా?
రెండో పాదానికి మాత్రం చేతులెత్తి మొక్కుతున్నాను. మూడు గదుల్లో మూడు పలకలు, ఒకే పాట. ఇది స్నాప్‌కాస్ట్ అనే ప్రోగ్రాం పనే కదా? ఎంపీడీ నుంచి వచ్చే ధ్వనిని అది ముక్కలు చేసి, ఒక్కో ముక్క మీద సమయం వేసి పంపుతుంది. గదుల్లోని పలకలు తమ గడియారాలను సర్వర్‌తో సరిచూసుకుని ఆ సమయానికే వాయిస్తాయి. తేడా సాధారణంగా మిల్లీసెకనులో అయిదో వంతు లోపే. "ఒక్క తాళాన" అన్న మాట అందుకే అంత బాగా కుదిరింది.

మామిడితోపు:
వసారా తప్పే. "వాకిలందు" తీసుకున్నాను, కృతజ్ఞతలు. నిజానికి మూడో పలక ఉన్నది వసారాలోనే, అందుకే ఆ మాటను వదల్లేకపోయాను.

ఏటిగట్టు:
పద్యాలు సరే, నాది అసలు పలకడమే లేదు. డ్యాక్ పలకను నలభై పిన్నుల మీద సరిగ్గానే కూర్చోబెట్టాను. ఎంపీడీ పాట నడుస్తోందనే అంటోంది, స్పీకర్లో మాత్రం నిశ్శబ్దం. రెండు రోజులుగా ఇదే టెన్షన్.

నల్లరేగడి:
కాన్ఫిగ్ ఫైల్లో ఆ డ్యాక్‌కు చెందిన ఓవర్‌లే వరుస రాశారా? అది లేకపోతే పలకకు డ్యాక్ ఉన్నట్టే తెలియదు. రాసి ఉంటే సౌండ్ కార్డు అంకె చూడండి. చాలాసార్లు హెచ్‌డీఎంఐ సున్నా నంబరు పట్టుకుని కూర్చుంటుంది, పాట టీవీ తీగలోకి పోతుంది. ఎంపీడీ అమరికలో అంకె బదులు కార్డు పేరే రాస్తే, మళ్ళీ బూట్ అయినప్పుడు వరుస మారినా ఇబ్బంది ఉండదు.

ఏటిగట్టు:
పేరు రాశాను. పలికింది! ఇంట్లో అందరూ లేచి వచ్చారు. ఇప్పుడు నా పద్యంలో పండు రెండు రకాలుగా నిజమైంది.

పూదోట:
మళ్ళీ "ఎంపిడీ" దగ్గరికి వద్దాం. నాకు ఆ పాదంలో నచ్చింది "కాపు పెట్టి". ఎంపీడీ డీమన్ కదా, తెర వెనక నిలబడి ఉంటుంది. ఫోన్లో యాప్ మూసేసినా పాట ఆగదు. దాన్ని కాపలా అనడం ఎవరికి తోస్తుంది? ఆ మాట పోకుండా దిద్దగలరా?

నల్లరేగడి:
ప్రయత్నించాను:

కార్డులో సేవకుని నుంచి కాపు పెట్టి

మామిడితోపు:
గణాలకు వంక లేదు. అయినా నా ఓటు పాత పాదానికే. "సేవకుడు" ఏ పద్యంలోనైనా ఉంటాడు, ఎంపీడీ ఈ ఒక్క పద్యంలోనే ఉంటుంది. కుదించినా ఉంచండి. నా అభ్యంతరం వెనక్కి తీసుకుంటున్నాను.
ఇంకో మాట. మూడో పాదంలో టేపులు నిజంగా మీ నాన్నగారివేనా?

నల్లరేగడి:
నిజమే. నలభై రెండు క్యాసెట్లు. చాలావరకు విజయవాడ ఆకాశవాణి భక్తిరంజని, తెల్లవారుజామున రేడియో ముందు టేప్‌రికార్డరు పెట్టి పట్టినవి. మధ్యలో ఆయన దగ్గు, అమ్మ గిన్నెల చప్పుడు వినిపిస్తాయి. ఆడాసిటీ అనే ధ్వని రికార్డింగ్ ప్రోగ్రాంలో సీడీ నాణ్యతకే, అంటే 44.1 కిలోహెర్ట్జ్, 16 బిట్లకే ఎక్కించాను. గంట టేపు 600 ఎంబీ దాటింది, నాణ్యత పోకుండా కుదించే ఫ్లాక్ ఫైలుగా చేస్తే బాగా తగ్గింది. శబ్దశుద్ధి మాత్రం చేయలేదు. దగ్గు పోతుందేమోనని.

మామిడితోపు:
మా అమ్మ టేపులు అటక మీద ఇరవై ఏళ్ళుగా ఉన్నాయి. తెగిపోతాయని భయపడి ఇన్నాళ్ళూ తీయలేదు. మొదట ఏం చేయాలి?

నల్లరేగడి:
వెంటనే ప్లే నొక్కకండి. ఒకసారి చివరిదాకా ముందుకు తిప్పి, మళ్ళీ వెనక్కి తిప్పండి, అంటుకున్న చుట్టలు విడిపోతాయి. టేప్‌రికార్డర్ హెడ్‌ను దూదికి ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్ది తుడిచి, పూర్తిగా ఆరనివ్వండి. అన్నిటికంటే తక్కువ ముఖ్యమనిపించే టేపుతో పరీక్షించి, అమ్మగారి గొంతు ఉన్నది ఆఖర్న పెట్టండి.