సెప్టెంబరులోనే జింకల వేట: న్యూయార్క్ రాష్ట్రపు ముందస్తు సీజన్ కొనసాగాలా?

తోటబాట (రాచెస్టర్):
న్యూయార్క్ రాష్ట్ర పర్యావరణ పరిరక్షణ శాఖ (డీఈసీ) 2021లో ఒక కొత్త వేట సీజన్ తెచ్చింది. రాచెస్టర్, బఫెలో పరిసరాల్లోని కొన్ని యూనిట్లలోను (వేట నియమాల కోసం రాష్ట్రాన్ని విభజించిన ప్రాంతాలను ఇలా అంటారు), హడ్సన్ లోయలో కొంత భాగంలోను సెప్టెంబరు నడుమ తొమ్మిది రోజులపాటు కొమ్ములు లేని జింకలను, అంటే ఆడజింకలను, ఆ ఏటి పిల్లలను మాత్రమే తుపాకితో వేటాడవచ్చు. రాష్ట్రపు దక్షిణ భాగంలో విల్లు సీజన్ అక్టోబరు 1న, తుపాకి సీజన్ నవంబరు మూడో శనివారం మొదలవుతాయి కాబట్టి ఇది వాటన్నిటికంటే ముందు వస్తుంది. ఇది ఉండాలని, అవసరమైన చోట ఇంకా విస్తరించాలని నా అభిప్రాయం.

మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం నీడలో పెరిగిన మనకు జింక వేట అనగానే మనసు ఒప్పుకోదు. నాకూ మొదట ఒప్పుకోలేదు. కానీ ఇక్కడ తోడేళ్లను, కూగర్లనే పెద్ద అడవి పిల్లులను మనుషులే ఎప్పుడో తుడిచిపెట్టారు. వేటాడే మృగం లేని చోట జింకల మంద ఎలా పెరుగుతుందో, అడవి ఎలా తరుగుతుందో చూడాలంటే అండమాన్‌కు వెళ్లినా చాలు. బ్రిటిషువారు అక్కడ వదిలిన చుక్కల జింకలు ఈనాటికీ మొలకలను పెరగనివ్వడం లేదు.

అక్టోబరు విల్లు (సిరక్యూస్):
తోటబాట గారు చెప్పిన సమస్యను నేను కాదనను. పరిష్కారం మాత్రం ఇది కాదంటాను. నేను ఇక్కడికి వచ్చాక విల్లు వేట నేర్చుకున్నవాడిని. సెప్టెంబరు రెండో వారంలో ఎండ ఇంకా వేసవి ఎండలాగే ఉంటుంది. జింక పడిన చోటే పేగులు తీసి, పొట్టలో మంచు సంచులు కూరి, గబగబా చల్లని గదికి చేర్చకపోతే మాంసం చెడిపోతుంది. గాయపడిన జింకను సాయంత్రం వెతకలేక పొద్దున దాకా ఆగితే దక్కేది ఏమీ ఉండదు. తినడానికి పనికిరాకుండా చంపడాన్ని వేట అనలేము.

ఇంకో సంగతి ఉంది. తుపాకి మోతకు బెదిరిన జింకలు రాత్రిపూట మాత్రమే తిరగడం మొదలుపెడితే, అక్టోబరులో విల్లుతో కూర్చునేవాడికి పగలంతా ఖాళీ అడవే మిగులుతుంది. 2015లో ఇదే శాఖ కొన్ని యూనిట్లలో విల్లు సీజన్ మొదటి 15 రోజులు కొమ్ముల జింకను కొట్టరాదని నియమం పెట్టింది. దానికి వేటగాళ్లు గట్టిగా అభ్యంతరం చెప్పారు, తర్వాత దాన్ని ఎత్తేశారు. పంట నష్టపోయే రైతుకు జింకలను కొట్టేందుకు ప్రత్యేక పర్మిట్ ఇచ్చే పద్ధతి ఎలాగూ ఉంది.

అన్నిటికంటే ముఖ్యం, జింకలు ఎక్కువగా ఉన్నది కాలనీల అంచుల్లో. ఇంటికి 500 అడుగుల లోపు తుపాకి పేల్చకూడదని చట్టం చెబుతోంది. విల్లుకైతే ఆ దూరం 150 అడుగులే. మరి తుపాకి సీజన్‌ను సెప్టెంబరుకే తెస్తే ఆ జింకలు ఎలా తగ్గుతాయి?

రేగుపొద (బఫెలో):
నేను వేటాడను, వేటకు వ్యతిరేకిని కూడా కాను. నన్ను బాధిస్తున్నది పిల్లల విషయం. మే చివర, జూన్ మొదట్లో పుట్టిన పిల్ల సెప్టెంబరుకు తల్లి వెంటే తిరుగుతూ ఉంటుంది. తల్లిని కొడితే దాని గతేమిటి? పైగా అవి మేము మా పిల్లలతో కలిసి ట్రెయిళ్లలో, అంటే అడవి కాలిబాటల్లో, నడిచే రోజులు. నవంబరులో వేటగాళ్ల కంటపడేలా నారింజ రంగు చొక్కా వేసుకోవాలని అందరికీ తెలుసు, సెప్టెంబరులో ఎవరికి తెలుసు?

తోటబాట:
రేగుపొద గారూ, మూడున్నర నెలల పిల్ల పాలు దాదాపు మానేసి, ఆకు, గడ్డి తిని సొంతంగా బతకగలిగే దశకు వచ్చి ఉంటుంది. తల్లి వెంట తిరగడం అలవాటే గాని ప్రాణాధారం కాదు. ట్రెయిళ్ల విషయంలో మాత్రం మీ మాటకు నా దగ్గర జవాబు లేదు. ఆ తొమ్మిది రోజులూ ట్రెయిల్ మొదట్లోనే పెద్ద బోర్డు పెట్టాలి.

విల్లు గారి లెక్కలో ఒక్క చోట నాకు తేడా కనిపిస్తోంది. ఒక మగజింక ఎన్నో ఆడజింకలతో జతకడుతుంది కాబట్టి కొమ్ములవాటిని ఎన్ని కొట్టినా మరుసటి ఏటి పిల్లల సంఖ్య దాదాపు మారదు. నవంబరులో కొమ్ముల జింక కోసం ఎదురుచూసే వేటగాడు తన ముందు నిలబడ్డ ఆడజింకను వదిలేస్తాడు. కొమ్ములు లేని జింక తప్ప మరొకటి కొట్టడానికి వీల్లేని రోజులు విడిగా ఉండాలనడానికి కారణం అదే.

మా ఇంటి వెనక అడవిలో మోకాలి ఎత్తు దాటిన మేపుల్ మొక్క ఒక్కటీ లేదు. కొమ్మల కొసలు పీచుపీచుగా చిరిగి ఉంటాయి. జింకకు పైదవడలో ముందుపళ్లు ఉండవు గనుక అది కొరికి లాగి తెంపుతుంది. కుందేలు కొరికితే కత్తితో ఏటవాలుగా కోసినట్టుంటుంది. కాబట్టి ఇది ఎవరి పనో అనుమానం అక్కర్లేదు. పెద్ద చెట్లు పడిపోయిన నాడు వాటి చోట లేవడానికి కింద ఏమీ లేదు. నష్టం మొక్కలతో ఆగదు. పిడుదుల కాటుతో మనుషులకు సోకే లైమ్ వ్యాధిని ఆ పిడుదులకు అంటించేది ప్రధానంగా ఎలుకలే అయినా, ఎదిగిన పిడుదులు రక్తం తాగి గుడ్లకు సిద్ధమయ్యేది ఎక్కువగా జింకల మీదే.

అక్టోబరు విల్లు:
ఆడజింకల లెక్క ఒప్పుకుంటున్నాను. కానీ 500 అడుగుల ప్రశ్నకు మీరు జవాబు చెప్పలేదు.

తోటబాట:
నిజమే, చెప్పలేదు. కాలనీ మధ్యలో ఈ సీజన్ పనికిరాదు. అక్కడ విల్లే మేలు. ఇది పనికొచ్చేది ఒంటారియో సరస్సు పక్కనున్న యాపిల్ తోటలు, మొక్కజొన్న చేలు, వాటిని ఆనుకున్న అడవుల్లో. రైతు పర్మిట్ ఆ ఒక్క పొలానికే పరిమితం, మంద మాత్రం పక్కవాడి అడవిలో పగలంతా పడుకుని సాయంత్రానికి మళ్లీ వస్తుంది. ఆ పక్కవాడు తన భూమిలో వేటకు ఒప్పుకోకపోతే సెప్టెంబరైనా నవంబరైనా ఒకటే. అందుకే ఈ సీజన్‌ను ఏ యూనిట్‌కు విస్తరించినా, అక్కడి భూయజమానులతో డీఈసీ ముందే మాట్లాడి, ఎందరు గేటు తెరుస్తారో తెలుసుకున్నాకే తేదీలు ప్రకటించాలని కోరుతున్నాను. మాంసం చల్లబరిచే సదుపాయం దగ్గరలో ఉందా లేదా అన్నది కూడా అప్పుడే చూడాలి. ఆ రెండో షరతు మీ మాట వల్ల చేర్చినదే.