‘సిన్స్ ఎయిట్ ఇయర్స్’ అని రాయవచ్చునా?

ప్రశ్న (గణిత ఉపాధ్యాయురాలు, కడప):
అందరికీ నమస్కారం. ఉద్యోగానికి దరఖాస్తు రాస్తూ ‘ఐ యామ్ వర్కింగ్ యాజ్ ఎ మ్యాథ్స్ టీచర్ ఇన్ కడప సిన్స్ ఎయిట్ ఇయర్స్’ అని మొదలుపెట్టాను. తోటి ఉపాధ్యాయులు ఇద్దరు చదివి బాగానే ఉందన్నారు. మా అమ్మాయి మాత్రం ఇందులో రెండు తప్పులున్నాయని చెప్పింది గానీ, అవి ఎందుకు తప్పులో వివరించలేకపోయింది. ‘ఎనిమిదేళ్ల నుంచి పనిచేస్తున్నాను’ అన్న మాటనే ఇంగ్లీషులో పెట్టాను కదా, లోపం ఎక్కడ వచ్చిందో తెలియకుండా దరఖాస్తు పంపడానికి మనసొప్పడం లేదు.

జవాబు (విశ్రాంత ఇంగ్లీషు ఉపాధ్యాయుడు, అనంతపురం):
మీ అమ్మాయి చెప్పినది నిజమేనమ్మా. లోపం మీ తెలివిలో లేదు, మన ‘నుంచి’లో ఉంది. ‘2016 నుంచి’ అన్నా ‘ఎనిమిదేళ్ల నుంచి’ అన్నా తెలుగులో ఒకే మాట సరిపోతుంది. ఇంగ్లీషులో మాత్రం పని మొదలైన సమయాన్ని చెప్పేటప్పుడు ‘సిన్స్’, అది సాగిన కాలాన్ని చెప్పేటప్పుడు ‘ఫర్’ వాడాలి. నా విద్యార్థులకు నేను చెప్పిన గుర్తు ఒకటుంది: ‘ఎనిమిదేళ్లుగా’ అన్నట్లు ‘గా’ చేర్చి చెప్పగలిగితే ‘ఫర్’ రాయండి; ‘2016గా’ అని ఎవరూ అనరు కనుక అక్కడ ‘సిన్స్’ రావాలి.

ఇక క్రియ సంగతి. గతంలో మొదలై నేటికీ సాగుతున్న పనికి మనం ‘చేస్తున్నాను’ అంటే చాలు. ఇంగ్లీషులో ‘హావ్ బీన్ వర్కింగ్’ అనాలి. కనుక ‘ఐ హావ్ బీన్ వర్కింగ్ యాజ్ ఎ మ్యాథ్స్ టీచర్ ఇన్ కడప ఫర్ ఎయిట్ ఇయర్స్’ అని సరిదిద్దుకోండి.

జవాబు (కర్నూలు):
సార్ చెప్పినదానికి ఒక మాట చేర్చుతాను. ‘ఫర్’ కనిపించిన ప్రతిచోటా ‘హావ్ బీన్’ పెట్టకూడదు. మా కర్నూలు 1953 నుంచి 1956 వరకు ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని. ఆ కాలం ముగిసింది కనుక ‘కర్నూల్ వాజ్ ది క్యాపిటల్ ఫర్ త్రీ ఇయర్స్’ అనే రాయాలి.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ కృతజ్ఞతలు. ఇంతకుముందు ప్రొద్దుటూరులో చేసి మానేసిన ఉద్యోగానికి ‘ఐ వర్క్‌డ్ ఇన్ ప్రొద్దుటూర్ ఫర్ త్రీ ఇయర్స్’ అని రాసుకున్నాను. మరి, సిఫారసు ఇచ్చేవారు నన్ను పదేళ్లుగా ఎరుగుదురని చెప్పాలంటే ‘హాజ్ బీన్ నోయింగ్’ అనవచ్చునా?

జవాబు (అనంతపురం):
ప్రొద్దుటూరు వాక్యం సరిగ్గా ఉంది. రెండోది మాత్రం ‘హాజ్ నోన్ మీ ఫర్ టెన్ ఇయర్స్’ అని రాయండి. ఎరుగుట చేసే పని కాదు, ఉండే స్థితి, అందువల్ల దానికి ‘ఇంగ్’ చేర్చరు.