మైక్రోవేవ్‌లో గుడ్డు పేలింది, ఇంకా ఏమేం పెట్టకూడదు?

పటమట_కోడలు:
నిన్న మధ్యాహ్నం ఫ్రిజ్‌లో కోడిగుడ్డు పులుసు మిగిలుంటే, మళ్ళీ గిన్నె తోమాలని బద్ధకమేసి ఆ గుడ్డొక్కటే ప్లేట్లో పెట్టి నిమిషంన్నర తిప్పా, లోపలున్నంతసేపు ఏం కాలేదు, బయటికి తీసి స్పూన్‌తో ఇలా నొక్కానో లేదో ఢాం అని పేలి గోడ మీద, నా మొహం మీద పడింది... కళ్ళజోడు ఉండబట్టి కన్ను బతికింది. మా అత్తగారేమో "పొయ్యి ఉండగా నీకెందుకే ఆ పెట్టె, క్యాన్సరొస్తుంది" అని మొదలెట్టారు. అనుభవం ఉన్నోళ్ళు చెప్పండి ప్లీజ్.

బ్రాడీపేట_బ్యాచిలర్:
అక్కా ఉడికిన గుడ్డయినా అంతే, లోపలి ఆవిరికి పోయే దారుండదు. నేను సగానికి కోసి పెడతా. బంగాళదుంపకైతే ఫోర్క్‌తో నాలుగు పోట్లు. నన్ను భయపెట్టింది మాత్రం ఉత్త నీళ్ళు, నమ్ముతారా? నున్నటి గాజు కప్పులో మూడు నిమిషాలు పెట్టా, ఒక్క బుడగ లేదు, కాగలేదేమో అనుకుని టీ బ్యాగ్ వేశానంతే, బుస్సున పొంగి చెయ్యంతా బొబ్బలు. మరిగే వేడి దాటినా బుడగ పుట్టే చోటు లేక అలా ఆగిపోతాయి. ఇప్పుడు ముందే చెక్క స్పూన్ వేసి పెడతా, అయ్యాక కాసేపు కదపను.

మిర్చియార్డ్_పక్కన:
మాది గుంటూరు, ఇంక చెప్పేదేముంది. మా ఆవిడ కారప్పొడికి ఎండుమిరపకాయలు అందులో వేయించింది. తలుపు తియ్యగానే ఆ ఘాటుకి ఇంటిల్లిపాదీ దగ్గుకుంటూ మేడ మీదకి, కింద అద్దెకున్నోళ్ళు కూడా రోడ్డు మీదకొచ్చేశారు 😂 రెండు కాయలు బొగ్గయిపోయాయి, ఇంకాసేపుంటే అంటుకునేవే.

బెజవాడ_రిపేర్లు:
లోపల మంట కనిపిస్తే తలుపు తియ్యొద్దండీ, గాలి తగిలితే పెరుగుద్ది, స్విచ్ ఆపేసి ఆరేదాకా ఆగండి. నా దగ్గరకొచ్చేవి ఎక్కువ "లోపల మెరుపులొస్తున్నాయన్నా" అనే కేసులే. స్టీలు గిన్నె, పెళ్ళికిచ్చిన బంగారు అంచు ప్లేట్లు ఒక కారణం, రెండోది లోపలి పక్క గోడకి అట్టముక్కలా ఉండే మైకా షీటు, కూర చిందాక తుడవకపోతే ఆ జిడ్డు మాడి చిల్లు పడుద్ది. ఖాళీగా తిప్పొద్దు, మాగ్నెట్రాన్ (తరంగాలు పుట్టించే భాగం) పోద్ది. ఎక్స్‌టెన్షన్ బాక్స్ వద్దు, 16 ఆంప్స్ సాకెట్టే వాడండి. బయటి మూత మాత్రం మీరు విప్పొద్దు, ప్లగ్ పీకినా కెపాసిటర్‌లో ప్రాణం తీసేంత కరెంటు నిలవుండొచ్చు.
మీ అత్తగారికి చెప్పండి, అందులో పుట్టేవి 2450 మెగాహెర్ట్జ్ తరంగాలు, ఎక్స్‌రే లాంటివి కావు, తలుపు తీస్తే ఆగిపోతాయి. ఒక్కో తరంగం పొడవు 12 సెంటీమీటర్ల పైనే, అద్దంలో ఉండే జల్లెడ చిల్లుల్లో పట్టదు. తలుపు వంగినా, లాక్ వదులైనా మాత్రం వాడకండి.

ఇద్దరు_పిల్లల_అమ్మ:
పాల సీసా కూడా అందులో పెట్టకండి, సీసా చల్లగానే ఉంటుంది, లోపల పాలు ఒక చోట సలసలా కాగుతుంటాయి. మా చిన్నోడి నోరు కాలింది.

పటమట_కోడలు:
ఇప్పుడే చూశా, మైకా మీద రూపాయి బిళ్ళంత నల్ల మచ్చ ఉంది అన్నా. మార్చాలా?

బెజవాడ_రిపేర్లు:
మార్చేయండి, అప్పటిదాకా ఆన్ చెయ్యొద్దు. పాతది పట్టుకెళ్తే ఆ సైజుకే కత్తిరించి ఇస్తారు. కొత్తది వేశాక గిన్నెలో నీళ్ళు, రెండు నిమ్మచెక్కలు వేసి మూడు నిమిషాలు తిప్పి తుడవండి, గుడ్డు వాసన పోద్ది.