అంబాసిడర్ ఫ్యాన్ బెల్టు కీచుమంటోంది, ఏం చూడాలి?

మాది కడప. నాన్న కొన్న 1986 అంబాసిడర్, పెట్రోల్ బండి, ఇప్పటికీ నేనే నడుపుతున్నా. పొద్దున స్టార్ట్ చేయగానే కుక్కపిల్ల తోక తొక్కినట్టు కీచుమంటుంది, రెండు నిమిషాలకు తగ్గుతుంది, కానీ రాత్రిపూట హెడ్‌లైట్లు వేసి రేజ్ చేస్తే మళ్లీ మొదలు. బెల్టు వేసి నెల కూడా కాలేదు. బొటనవేలితో నొక్కితే అర అంగుళం దిగుతోంది, అంటే టైట్ సరిపోయినట్టే కదా? నీళ్లు చల్లితే కాసేపు ఆగి మళ్లీ వస్తోంది. పుల్లీ గాడి అడుగున అద్దంలా మెరుస్తోంది, బెల్టు పక్కలు పట్టుకోకుండా అడుగుకు తగులుతోందేమో అని నా అనుమానం. మెకానిక్ మాత్రం ఇంకా బిగిద్దాం అంటాడు, బిగిస్తే వాటర్ పంపు బేరింగు పోతుందని నాకు భయం. పుల్లీలు ఒకే లైన్‌లో ఉన్నాయో లేదో ఇంట్లోనే ఎలా చూసుకోవాలి? తెలిసినవాళ్లు కాస్త చెప్పండన్నా.